చావుకు ఒప్పుకునే ఇల్లు

దిల్‌సుఖ్‌నగర్ మొదలుకొని అబ్దుల్లాపూర్‌మెట్ దాకా బక్కయ్య మార్చని ఇల్లు లేదు. తన ఇల్లు కాదు, జనం ఇళ్లు. ఇరవై ఏళ్లకు పైగా ట్రాలీ ఆటో నడిపాడు. బీరువాలు, మంచాలు, కుండీలో తులసిచెట్లు, పాత పరుపులు, ఆ పరుపుల మీద కూర్చున్న ముసలమ్మలు, అన్నిటినీ ఒక కాలనీలో ఎక్కించి ఇంకో కాలనీలో దించాడు. ఏ గల్లీలో వానొస్తే మోకాళ్లలోతు నీళ్లు నిలుస్తాయో, ఏ ఓనరు మోటారు కట్టేసి పీడిస్తాడో, ఎవరింట్లో దిగినవాళ్లు ఏడాది తిరక్కుండా పారిపోతారో ఆయనకు కొట్టినపిండి. ఇల్లు వెతుక్కునేవాళ్లు బ్రోకరు కంటే ముందు బక్కయ్యనే అడిగేవాళ్లు. అలాంటివాడికి చివరికి ఒక గది దొరకలేదు. అదీ ఉండటానికి కాదు, పోవడానికి.

ఆయన భార్య అండాలమ్మ దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల పక్కన సాయంత్రాలు జొన్నరొట్టెలు చేసి అమ్మేది. రొట్టె కొట్టే చప్పుడు కంటే ముందు ఆమె గొంతు వినపడేది. ఆ గొంతు వెనకటి నుంచీ పేరు మోసిందే. వాళ్లది దేవరకొండ వైపు ఊరు. అక్కడ ఎవరు పోయినా అండాలమ్మకు కబురొచ్చేది. శవం తల దగ్గర కూర్చుని, పోయినవాళ్లు ఎవరిని సాకారు, ఏ చేనులో ఎంత వంగారు, ఏం తినాలని ఆశపడి తినకుండా పోయారు, అని ఒక్కొక్కటే ఎత్తి శోకం తీసేది. గుండె రాయి చేసుకొచ్చిన అల్లుళ్లు కూడా తువ్వాలు కళ్లకద్దుకునేవాళ్లు. పోయినవాడి గురించి నాలుగు మాటలు ఊరంతా వినేలా ఏడ్చి చెప్పకపోతే వాడు బతికినట్టే కాదని ఆమె నమ్మకం. అందులో తప్పేముంది?

ఆ ఊరు ఇప్పుడు లేదు. రిజర్వాయర్ కింద మునిగింది. ఊరు పోవడమంటే ఏమిటో వాళ్లకు మొదట అర్థం కాలేదు. ఈ నగరంలో అద్దెకుండేవాళ్లలో చాలామందికి పోవడానికి ఒక ఊరుంటుంది. ప్రాణం పోగానే ఆస్పత్రి నుంచి అంబులెన్సు నేరుగా ఆ దారి పడుతుంది. ఇంటి ఓనర్లకు కావలసిందీ అదే. అద్దె ఇంట్లోకి శవాన్ని రానివ్వరన్నది ఏ టు-లెట్ బోర్డు మీదా రాయరు, కానీ అందరికీ తెలుసు.

కొత్తపేట వెనక గల్లీలో, వాళ్లుండే బిల్డింగులోనే మట్టయ్య అనే పెయింటరు ఉండేవాడు. పనిలో గుండె ఆగి పోయాడు. అంబులెన్సు వచ్చేసరికి ఓనరు వెంకట్రావు గేటుకు తాళం వేసి బంధువుల ఇంటికి వెళ్లిపోయాడు. చెడ్డవాడేం కాదు. పండగొస్తే అద్దెకున్న అందరికీ పులిహోర పంపే మనిషి. తాళం మాత్రం తీయలేదు. వాన పడుతోంది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన బల్ల వేసి మట్టయ్యను పడుకోబెట్టారు. పైన టార్పాలిన్ కట్టారు. ఒక మూల కట్టడానికి ఏమీ దొరక్క బక్కయ్యే ఆ కొస చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అండాలమ్మ శోకం ఎత్తుకుంది. ఎదురు హాస్టల్ బాల్కనీలోంచి ఎవరో, "ఆంటీ, కొంచెం మెల్లగా. రేపు ఎగ్జామ్ ఉంది," అన్నారు. ఆమె గొంతు తగ్గించి ఏడ్చింది. జీవితంలో మొదటిసారి.

ఆ సాయంత్రం తలమీద నీళ్లు పోసుకొచ్చి బక్కయ్య గడప మీద కూర్చున్నాడు.

"అండాలూ, జిందగంత రోడ్డు మీదనే బండి నడిపిన. పోయినంక గూడ రోడ్డేనా? నన్ను మాత్రం లోపలనే పండవెట్టు."

"ఛీ, గవేం మాటలు," అని కసిరింది అండాలమ్మ. కసిరింది కానీ మాట ఇచ్చింది. మాట ఇచ్చేదాకా బక్కయ్య రెట్టించి అడగడం వదల్లేదు మరి.

ఆ మాట చెల్లించాల్సిన రోజు అంత తొందరగా వస్తుందని ఇద్దరూ అనుకోలేదు. రెండేళ్లు తిరిగేసరికి బక్కయ్య కడుపులో గడ్డ తేలింది. పెద్ద దవాఖానలో కోశారు, మందులెక్కించారు, జుట్టు రాలింది, ట్రాలీ అమ్ముడుపోయింది. చివరికి డాక్టరు అండాలమ్మను పక్కకు పిలిచి, "ఇక ఇంటికి తీసుకెళ్లండమ్మా," అన్నాడు. ఇల్లు అన్నది ఎంత కష్టమైన మాటో ఆయనకేం తెలుసు?

మర్నాడే వెంకట్రావు కొబ్బరిబోండాలు పట్టుకుని పలకరించడానికి వచ్చాడు. బక్కయ్య నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం బయట అండాలమ్మతో అన్నాడు: "నాకేం లేదమ్మా. మిగతా పోర్షన్లవాళ్లు ఊరుకోరు. ఆడపిల్లలున్నారు, భయపడతారు. ఈ నెలాఖరుకు ఎక్కడైనా చూసుకోండి."

అండాలమ్మ ఇల్లు వెతకడం మొదలుపెట్టింది. జనం నీళ్లెలా వస్తాయి, బస్టాపు ఎంత దూరం, అని అడుగుతారు. ఆమె అవేవీ అడగలేదు. గది చూడకముందే అసలు మాట అడిగేసేది.

"మా ఆయనకు బాగలేదు. ఇంక శాన రోజులుండడు. పానం పోతే లోపల పండవెట్టనిస్తరా?"

కూతురు అరుణజ్యోతి తల పట్టుకుంది. "అట్ల ముందే చెప్తే ఎవరిస్తరమ్మా? చెప్పకుండ దిగిపో."

"దిగినంక గేటేస్తే? మట్టయ్యను చూడలే?"

మంచంలోంచి బక్కయ్య దారి చెప్పేవాడు. చైతన్యపురిలో మూల మీద పసుపుపచ్చ బిల్డింగు ఉంది, ఓనరు దేవుడిలాంటోడు, నా పేరు చెప్పు. సరూర్‌నగర్‌లో రిటైర్డ్ సారు ఉన్నాడు, ఆయన సామాను నేనే మోసిన. వనస్థలిపురంలో ఫలానా వాళ్లు మన జిల్లావాళ్లే. అండాలమ్మ అందరి దగ్గరికీ వెళ్లింది. బక్కయ్య పేరు వినగానే అందరూ లోపలికి పిలిచారు, మంచినీళ్లిచ్చారు, జబ్బు సంగతి విని అయ్యో అన్నారు. ఇల్లు మాత్రం ఇవ్వలేదు. దేవుడిలాంటి ఓనరు ఆ గది తమ్ముడికి కావాలన్నాడు. రిటైర్డ్ సారు భార్య వైపు చూశాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎటు చూసినా గదులన్నీ హాస్టళ్లే, అక్కడ బతికున్న ముసలివాళ్లకే చోటు లేదు. హయత్‌నగర్‌లో ఒకాయన ఉన్నదున్నట్టు చెప్పాడు: "అక్కా, నేనూ నల్గొండోణ్నే. కిందటేడు మా అమ్మ పోయింది. నా ఇంట్ల నా తల్లిని పండవెడితే కిరాయికున్నోళ్లు మూడు పోర్షన్లు ఖాళీ చేసి పోయిండ్రు. నన్నేం జేయమంటవ్?"

అండాలమ్మ తిరిగొచ్చి ఒక్కొక్కరి సంగతే చెబుతుంటే బక్కయ్య మొహం చిన్నబోయేది. జబ్బు కంటే అదే ఎక్కువ కుంగదీసింది. ఇన్నేళ్లూ తనకు ఈ కాలనీలన్నీ తెలుసనుకున్నాడు. ఏ ఇంట్లో బతకొచ్చో తెలుసు కానీ ఏ ఇంట్లో చావనిస్తారో ఒక్కటీ తెలియలేదు.

అబ్దుల్లాపూర్‌మెట్‌లో అత్తగారింట్లో ఉండే అరుణజ్యోతి, "మా ఇంటికే రాండ్రి నాయినా, నేను మా అత్తతోని మాట్లాడుత," అంది. బక్కయ్య వినలేదు.

"బిడ్డ ఇంట్ల పానం ఇడుస్తనా? రేపు నిన్ను దెప్పుతరు. నాకద్దు."

నెలాఖరు ఇంకో వారం ఉందనగా ఎల్బీ నగర్ దాటి మన్సూరాబాద్ వైపు ఒక పాత ఇంటి గేటుకు సున్నంతో రాసిన టు-లెట్ కనపడింది. అండాలమ్మకు అప్పటికే కాళ్లు పీకుతున్నాయి, ఆశ కూడా లేదు. తలుపు తీసిన పెద్దావిడ పేరు సీతామహాలక్ష్మి. తెనాలి వైపు నుంచి మొగుడి ఉద్యోగం కోసం వచ్చి, ఇక్కడ రాళ్లూ తుమ్మలూ తప్ప ఏమీ లేని రోజుల్లో జాగా కొనుక్కుని ఇల్లు కట్టుకున్నవాళ్లు. మొగుడు రిటైరై దేనికీ కలగజేసుకోకుండా ఉంటాడు. పైఅంతస్తులో కొడుకు మురళీకృష్ణ కుటుంబం. వెనక వైపు ఒక గది అద్దెకు.

అండాలమ్మ అడిగింది. ఆవిడ కుర్చీ చూపించింది.

"మా అత్తగారిని ఆ హాల్లోనే పడుకోబెట్టాం. చావెరగని ఇల్లుంటుందా, మన పిచ్చి కాకపోతే! తీసుకురా. కానీ ఒక్కమాట. ఏ నక్షత్రంలో పోతాడో మన చేతిలో లేదు. మంచిది కాకపోతే ఆ గది నెలల తరబడి మూసేయాలి. మాకు పట్టింపు ఉంది. అప్పుడు నువ్వు వెళ్లిపోవలసి వస్తుంది. తర్వాత ఏడిస్తే లాభం లేదు."

"తర్వాత నాదేముందమ్మా! ఏడన్న పడుంట," అంది అండాలమ్మ, ఆవిడ కాళ్లకు దండం పెట్టబోతూ.

మొగుడి కోసం ఊరంతా గాలించిన మనిషి తన కోసం ఒక్క క్షణం ఆలోచించలేదు. ఆ పొరపాటు తర్వాత ఆమెకే తగిలింది.

సామాను ఇంకెవరిదో ట్రాలీలో వచ్చింది. బక్కయ్య పరుపు మీద కూర్చుని వచ్చాడు, తను మోసిన ముసలమ్మల్లాగే. ఎన్నో ఇళ్లు మార్పించినవాడు కదా, పద్ధతి తప్పనివ్వలేదు. ముందు దేవుడి పటం దింపించాడు, తర్వాత నీళ్ల బిందె, తర్వాత పొయ్యి. "పాలు పొంగియ్యి," అన్నాడు. అండాలమ్మ గిన్నె పెట్టింది. పాలు గిన్నె అంచు దాటి పొయ్యి మీద పొర్లుతుంటే ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. ఏ ఇంటికైనా పాలు పొంగించేది కలకాలం చల్లగా బతకాలనే కదా. బక్కయ్యకే నవ్వొచ్చింది. నవ్వు దగ్గులోకి దిగింది.

ఎవరూ అనుకోనిది ఏమిటంటే, ఆ ఇంట్లోకి వచ్చాక బక్కయ్య కాస్త తేరుకున్నాడు. రోడ్డు మీద పడతానన్న దిగులు తీరేసరికి నాలుగు మెతుకులు లోపలికి పోయాయి. పొద్దున్నే అండాలమ్మ పట్టుకుని నడిపిస్తే వెనక జాగాలో జామచెట్టు కింద కుర్చీలో ఎండకు కూర్చునేవాడు. మురళీకృష్ణ కూతురు సింధూర ల్యాప్‌టాప్ పట్టుకుని అక్కడికే వచ్చి పని చేసుకునేది. "తాతా, మా ఆఫీస్ దగ్గర ఇల్లు తీసుకోవాలంటే ఏ ఏరియా మంచిది?" అని అడిగితే ఈయన ఉత్సాహంగా గల్లీ గల్లీ చెప్పేవాడు. అండాలమ్మ మధ్యాహ్నం మందులిచ్చి, బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి రొట్టెలు చేసుకుని వచ్చేది. పోతాడన్న మనిషి పోకుండా వానాకాలం గడిచింది, చలికాలమూ వచ్చింది. సీతామహాలక్ష్మి రోజూ పొద్దున కిటికీలోంచి, "ఎలా ఉంది?" అని అడిగేది. మొదట్లో ఆ మాటలో బాగుందంటే బాగుండునన్న ఆశ ఉండేది. పోనుపోను అది ఏ ఆశో అండాలమ్మకు తెలియకుండా పోయింది. అడిగేవాళ్లకు కూడా తెలియదేమో.

చలికాలం మధ్యలో బక్కయ్య మళ్లీ మంచం పట్టాడు. ఈసారి కుర్చీ దాకా కూడా లేవలేదు. సరిగ్గా అప్పుడే సింధూరకు పెళ్లి కుదిరింది. రోహిణీ నక్షత్రంలో బంగారంలాంటి ముహూర్తం దొరికిందన్నారు. పెళ్లి హైవే మీది ఫంక్షన్ హాల్లో అయినా, పెళ్లికూతుర్ని చేసేది ఇంట్లోనే, పందిరి వేసేది ఈ గేటు ముందే. పందిరి పడ్డాక ఆ గేట్లోంచి శవం వెళ్లిందంటే ఇంకేముంది?

పైఅంతస్తులో కొడుకు తల్లి మీద కేకలేయడం వెనక గదిలోకి వినపడుతూనే ఉంది. రెండు రోజులాగి సీతామహాలక్ష్మి వచ్చింది. ఎప్పుడూ కిటికీ దగ్గరే ఆగే మనిషి గడప దాటి లోపలికొచ్చి నేల మీద కూర్చుంది.

"అండాలమ్మా, పెళ్లయ్యేదాకా ఆయన్ని ఆస్పత్రిలో ఉంచుదాం. ఖర్చు మేమే చూసుకుంటాం. మంచి గది తీసుకుందాం."

"దవాఖానల పోతే, మల్ల లోపలికి రానిస్తరా అమ్మా?"

ఆవిడ అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు.

"పందిరి ఉండగా రానివ్వం."

"మాటిచ్చిన్రు గదమ్మా."

"ఇచ్చాను. ఇప్పుడు నేనే అడుక్కుంటున్నాను."

అండాలమ్మ మొగుడి వైపు చూసింది. మంచం మీద బక్కయ్య కళ్లు మూసుకునే ఉన్నాడు కానీ కనురెప్పలు కదులుతున్నాయి. ఆవిడ మీద కోపం రాలేదామెకు. ఒక ఆడపిల్ల పెళ్లి అది. తన కూతురి పెళ్లప్పుడు పొరుగింట్లో ఇలాంటిది జరిగితే తనెలా వణికేదో ఆమెకు తెలియదా? కానీ బక్కయ్యకిచ్చిన మాట కూడా అలాంటిదే.

"ఆయనను నేను యేడికీ తీస్కపోనమ్మా. మీరు పెండ్లి చేసుకోండ్రి. ఏం జరిగినా మా దిక్కెల్లి సప్పుడు రాదు. చీమంత సప్పుడు గూడ రానియ్య. నా బిడ్డ మీద ఒట్టు."

శోకాల అండాలమ్మ ఇచ్చిన మాట అది. ఆ మాట విలువ సీతామహాలక్ష్మికి తెలియదు. బక్కయ్యకు తెలుసు. ఆవిడ వెళ్లాక కళ్లు తెరిచి, "ఎందుకిచ్చినవే గా మాట? పెండ్లయినంకనే పోత తీయ్. గన్ని దినాలు ఆపుకున్న, ఇంకో నాలుగొద్దులు ఆపుకోలేనా?" అన్నాడు. నిజంగానే ఆపుకున్నాడు. టెంట్‌హౌస్ దశరథ మనుషులు వచ్చి గుంజలు పాతుతుంటే ఆ దెబ్బలు లెక్కపెడుతున్నట్టు గోడ వైపు తిరిగి పడుకునేవాడు. మామిడాకులు కట్టినరోజు, "మంచిగ కట్టిన్రా?" అని అడిగాడు. లడ్డూల వాసన వస్తే మూతి తడుపుకున్నాడు. అండాలమ్మ ఒక లడ్డూ తెచ్చి చిదిపి నాలుక మీద పెడితే కరిగేదాకా ఉంచుకుని, "మన అరుణ పెండ్ల గిట్లనే ఉండె," అన్నాడు. అదే ఆయన నోటి చివరి మాట.

పెళ్లిరోజు తెల్లవారింది. పందిట్లో సన్నాయి మొదలైంది. సింధూరకు మంగళస్నానం చేయిస్తున్నట్టున్నారు, ఆడవాళ్ల నవ్వులు వినపడుతున్నాయి. అండాలమ్మ గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ ముంచి బక్కయ్య మొహం తుడుస్తోంది. చెంప ఒత్తితే నొక్కుకుపోయి అలాగే ఉండిపోయింది. ముక్కు దగ్గర వేలు పెట్టింది. గుండె మీద చెవి ఆనించింది. సన్నాయి తప్ప ఏమీ వినపడలేదు.

కడుపులోంచి తన్నుకుంటూ వచ్చింది శోకం. మొదటి మాట నాలుక మీదికి వచ్చేసింది కూడా. ఎంతమంది సామానో మోసినవాడా, అని మొదలుపెట్టాలని ఆమె ఎప్పుడో అనుకుంది. ఇరవై ఏళ్ల కష్టం, టార్పాలిన్ కొస పట్టుకున్న చెయ్యి, అద్దె ఇళ్లలో నెట్టుకొచ్చిన కాపురం, అంతా వరసగా గొంతు దాకా వచ్చి నిలబడింది. అండాలమ్మ కొంగు ముద్దచేసి నోట్లో కుక్కుకుంది. కింద పడి మంచం కోడు పట్టుకుంది. ఒళ్లంతా ఊగిపోతోంది కానీ చీమంత చప్పుడు రాలేదు.

కాసేపటికి తలుపు చప్పుడైంది. ఆమె కొంగు నోట్లోంచి లాగి, కళ్లు తుడుచుకుని, మొగుడి మీద మెడదాకా దుప్పటి కప్పి, తలుపు సగం తెరిచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఎదురుగా సింధూర. పసుపు చీర, బుగ్గన చుక్క, నుదుటి మీద బాసికం. పక్కన కుంకుమభరిణె, అక్షింతల పళ్లెం పట్టుకుని సీతామహాలక్ష్మి. వెనక మెట్ల దగ్గర ఇంకా నలుగురు ఆడవాళ్లు.

"మన ఇంట్లో ఉన్న ముత్తైదువలందరి దీవెనా తీసుకుంటానంటోంది," అంది ఆవిడ.

"ఆంటీ, అక్షింతలు వెయ్యండి. తాతకి కూడా చెప్పి వెళ్తాను." అమ్మాయి వంగబోయింది.

అండాలమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. తను ఇప్పుడేమిటో తనకు తెలుసు. ఈ చేత్తో ఆ పిల్ల తల మీద అక్షింతలు వేయకూడదని కూడా తెలుసు. వాళ్ల నమ్మకం తనదీ.

"అద్దు బిడ్డా. నా చేతులు పిండిల ఉన్నయి. మీ నానమ్మనే ఏస్తది నా పేరు మీద. తాత... రాత్రంత నిద్ర లేదు, ఇప్పుడే నిద్రవోయిండు. లేపకు. నువ్వు సల్లంగుండాలె. పో బిడ్డా, వేళ మించుతది."

సీతామహాలక్ష్మి ఆ చేతుల వైపు చూసింది. శుభ్రంగా, తడిగా ఉన్నాయి. పిండి జాడ లేదు. తర్వాత అండాలమ్మ మొహం వైపు చూసింది. అప్పటికే బొట్టు పెట్టడానికి కుంకుమలో ముంచిన వేలు గాలిలో ఆగిపోయింది. మనవరాలు పక్కనే ఉంది, వెనక నలుగురూ చూస్తున్నారు. ముత్తైదువ గుమ్మందాకా వచ్చి బొట్టు పెట్టకుండా తిరిగితే ఎందుకని అడుగుతారు. ఇద్దరాడవాళ్లూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆవిడ వేలు ముందుకొచ్చి అండాలమ్మ నుదుటి మీద కుంకుమ పెట్టింది. పసుపు కుంకుమల పొట్లం, జాకెట్టు ముక్క చేతిలో ఉంచింది. అండాలమ్మ కళ్లు మూసుకుని పెట్టించుకుంది.

"పదండి పదండి, ఆలస్యమవుతోంది," అని సీతామహాలక్ష్మి అందరినీ తరుముకుంటూ వెళ్లిపోయింది. ఆ గొంతు మాత్రం ఆవిడది కాదు.

కార్లన్నీ గల్లీ దాటాయి. ఎప్పుడూ బయటికెళ్తే గేటుకు తాళం వేసుకునే సీతామహాలక్ష్మి ఆ రోజు రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉంచి వెళ్లింది. ఇక ఏడవొచ్చు. అండాలమ్మ మంచం దగ్గర కూర్చుని నోరు తెరిచింది. గొంతు రాలేదు. ఎంత ప్రయత్నించినా గాలే వచ్చింది. ఆ ఒక్క ఏడుపు కోసం ఇంటింటికీ తిరిగి ఇల్లు సంపాదించింది. ఇల్లుంది, లోపల మొగుడు పడుకునే ఉన్నాడు, ఏడుపే లేదు.

అరుణజ్యోతి, అల్లుడు వచ్చారు. బక్కయ్యను గదిలో దక్షిణం వైపు తల పెట్టి పడుకోబెట్టి దీపం పెట్టారు. ఫంక్షన్ హాలు నుంచి సీతామహాలక్ష్మి ఫోను చేసిందట, దశరథ మనుషులు మధ్యాహ్నమే వచ్చి పందిరి విప్పేశారు. విప్పుతూ వాళ్లే పాడె కట్టడానికి రెండు వెదురు గడలు కూడా ఇచ్చి వెళ్లారు. పెళ్లివాళ్లు తిరిగి వచ్చేలోగా బక్కయ్యను తీసుకెళ్లిపోయారు. కూతురు ఏడ్చింది. అందరూ అండాలమ్మ వైపు చూశారు. ఆమె శ్మశానం నుంచి తిరిగొచ్చినవాళ్ల కాళ్ల మీద నీళ్లు పోసి ఊరుకుంది.

పదకొండో రోజు అయ్యాక సీతామహాలక్ష్మి మళ్లీ వచ్చింది. ఈసారి గడప దాటలేదు.

"పంతులుగారినడిగాను. రోహిణి. నాలుగు నెలలు మూసేయాలంటున్నారు." కొంగు చివర వేలికి చుట్టుకుంది. "పెళ్లికి అంత మంచి నక్షత్రం. నాకేమీ అర్థం కావడం లేదు అండాలమ్మా. మురళి వినడు. నేనేం చెయ్యను?"

"మీరు మాటదప్పలే అమ్మా," అంది అండాలమ్మ.

మళ్లీ ఇల్లు వెతకడం. ఈసారి దారి చెప్పేవాళ్లు లేరు. ఎల్బీ నగర్‌లో ఒకావిడ, "ఎవరెవరుంటారు?" అని అడిగితే, "నేనొక్కదాన్నే," అంది. మొగుడు పోయి నెల కూడా కాలేదని మాటల్లో తెలియగానే ఆవిడ తలుపు వెనక నుంచే మాట్లాడింది. పొద్దున లేస్తే ఎదురవుతావు, కొత్తకోడలున్న ఇల్లు, ఏమనుకోకు, అంది. వనస్థలిపురంలో ఒంటరి ఆడవాళ్లకు ఇవ్వమన్నారు. అప్పుడు చావు ముందుందని నిజం చెప్తే ఇవ్వలేదు. ఇప్పుడు చావు అయిపోయిందని నిజం చెప్పినా ఇవ్వలేదు. కూతురింటికి వెళ్లమని ఎవరో సలహా ఇచ్చారు. ఆయన వద్దన్న చోటికి తనెలా పోతుంది?

హయత్‌నగర్ డిపో దగ్గర బస్సు దిగి, కుళాయి పక్కన ఆగింది. సంచిలోంచి సీతామహాలక్ష్మి ఇచ్చిన పొట్లం తీసింది. చేతులు కడుక్కుంది. వేలు తడి చేసుకుని కుంకుమ అద్దుకుని నుదుటి మీద పెట్టుకుంది. మట్టిగాజులు నాలుగు డిపో ఎదురుగా కొట్లోనే కొని తొడుక్కుంది. గల్లీలోకి నడిచింది.

గల్లీ చివర ఇంటి ఓనరు పేరు ఇందిరాదేవి. గది చూపించింది. నీళ్లు, కరెంటు సంగతి చెప్పింది.

"ఎవరెవరుంటరు?"

"నేను, మా ఆయన."

"ఆయనేడి? రాలేదా?"

"దిల్‌సుఖ్‌నగర్ల, రొట్టెల కాడ కూసున్నడు."

ఇందిరాదేవి తాళంచెవి తీస్తూ తీస్తూ ఆగింది. "ముందే అడుగుతున్న, ఏమనుకోకు. ముసలాయనకు రోగాలేం లేవు గదా? ఇంట్ల ఏమన్న అయితే మేం ఒప్పుకోం."

"లేవమ్మా," అంది అండాలమ్మ. "ఇప్పుడాయనకు ఏ రోగం లేదు."

ఇందిరాదేవి తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, మంచిరోజు చూసుకుని వచ్చి పాలు పొంగించుకోమంది.